ఇంటి ముచ్చట్లు: సీసాలోని పొంగు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో చేసుకునే అల్లం సోడా విషయంలో మాత్రం ఇంట గెలవడం సులువు, రచ్చ గెలవడమే కష్టం. వంటింట్లో మూత తీసినప్పుడు బుస్సుమని నురగలు కక్కిన పానీయమే బస్సెక్కి మేనత్తగారి ఊరు చేరేసరికి ఉత్త పంచదార నీళ్ళయి ఊరుకుంటుంది. అలా కాకపోతే దారిలోనే సీసా పగిలి సంచీ అంతా తడిపిపెడుతుంది. మొదటిది నిరాశ, రెండవది ప్రమాదం. వేసవి సెలవులకు పిల్లాజెల్లాతో ప్రయాణం కట్టే ఇళ్ళు మనలో చాలా ఉన్నవి కనుక, ఈ సంగతి కాస్త వివరంగా ముచ్చటించదలచాము.

సోడాకు పొంగునిచ్చేది బొగ్గుపులుసు గాలి. నేటి పిల్లలు దానినే కార్బన్ డయాక్సైడ్ అంటారు. ఇంగ్లండులోని లీడ్సు పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే మతాచార్యుడు 1767లో తన ఇంటి పొరుగున ఉన్న బీరు బట్టీలో, పులుస్తున్న తొట్టిమీద నీటిగిన్నె పట్టి చూశాడు. తొట్టిలోంచి లేచే గాలి నీటిలో కలిసి దానికి చురుకైన రుచి వచ్చింది. గాలిని నీటిలో కలిపే పద్ధతిని 1772లో అచ్చువేయించాడు. కనుక సోడాకూ బీరుకూ చుట్టరికం పుట్టుకనుంచీ ఉన్నదే.

అంగడి సోడాలో గాలిని యంత్రంతో ఎక్కిస్తారు. ఇంటి అల్లం సోడా బీరు దారినే పోతుంది. అల్లం రసం, నిమ్మరసం, పంచదార, నీళ్ళు, చిటికెడు ఈస్టు కలిపి సీసాలో బిగిస్తే ఈస్టు పంచదారను తిని గాలిని విడుస్తుంది. లెక్క చూడండి. 4 గ్రాముల పంచదార పూర్తిగా పులిస్తే సుమారు ఒక లీటరు గాలి పుడుతుంది. మంచి సోడాకు లీటరు నీటిలో మూడు నాలుగు లీటర్ల గాలి ఇమిడితే చాలు. అంటే 12 మొదలు 16 గ్రాముల పంచదార పని. కాని తీపి కోసం మనం లీటరుకు 80 గ్రాములైనా వేస్తాము. మిగిలినదంతా తినడానికి ఈస్టు సిద్ధంగానే ఉంటుంది! అందుచేత మన ఎండలకు ఒకటి రెండు రోజులు బయట ఉంచి, సీసా గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. చలికి ఈస్టు నిద్రపోతుంది, చావదు. మళ్ళీ వేడి తగిలితే లేచి కూర్చుంటుంది. ఎక్కువ రోజులు పులియనిస్తే మత్తు కూడా పెరుగుతుంది. అది పిల్లలకు పోయదగిన పానీయం కాదు, ఎక్సైజు చట్టాలు చూసుకోవలసిన వ్యవహారం.

ఇక గాలి ఎందుకు పారిపోతుందో చూద్దాము. 1803లో విలియం హెన్రీ అనే శాస్త్రజ్ఞుడు తేల్చిన నియమం ఒకటి ఉన్నది. పైన గాలి ఒత్తిడి ఎంత ఉంటే నీటిలో అంత గాలి కరుగుతుంది. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, గాలి లేస్తుంది. దీనికి తోడు వేడి. మామూలు వాతావరణపు ఒత్తిడిలో లీటరు నీరు 0 డిగ్రీల వద్ద ఈ గాలిని దాదాపు 1.7 లీటర్లు పట్టుకోగలదు. 20 డిగ్రీల వద్ద సుమారు 0.9 లీటరు; 40 డిగ్రీల వద్ద అర లీటరు. మూత గట్టిగా బిగిస్తే చాలదా అనవచ్చు. బిగిస్తే గాలి లోపలే ఉంటుంది నిజమే, కాని సీసా గోడలను తోస్తుంది. 20 డిగ్రీలలో వాతావరణానికి నాలుగు రెట్లున్న ఒత్తిడి, షోలాపూరు మే నెల ఎండలో 40 డిగ్రీలకు చేరేసరికి ఆరు రెట్లు దాటుతుంది. మూత గాలిని బంధిస్తుంది. మచ్చిక చేసేది చల్లదనమే.

ఈ ఒత్తిడినే మూతగా వాడుకున్న గడుసువాడు హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు. అతడు 1872లో హక్కు పొందిన సీసాయే మన గోలీ సోడా. సీసాను తలకిందులు చేసి గాలి ఎక్కిస్తే గోలీ మెడలోని రబ్బరు చుట్టకు వచ్చి కరుచుకుంటుంది. లోపలి గాలే దాన్ని అక్కడ నొక్కి ఉంచుతుంది. తెలుగువారం ఎక్కడ స్థిరపడినా ఈ సీసా అక్కడికి మనకంటె ముందే చేరి ఉన్నది. తమిళంలోనూ కన్నడంలోనూ అది గోలి సోడాయే, మరాఠీవారికి గోటీ సోడా. విరుదునగరంలో 1916లో మొదలైన కాళీమార్కు, యానాంకు అట్టే దూరం లేని రామచంద్రపురం ఆర్టోసు, మన ప్రాంతాల్లో సోడా వ్యాపారం ఎంత వేళ్ళూనుకున్నదో చెబుతాయి. సోడా కొట్టేవారు సీసాను ఇనుప పెట్టెలో బిగించి తిప్పడం చాలామంది చూసే ఉంటారు. ఆ పెట్టె అలంకారానికి కాదు. పగిలిన గాజు కంటిలో పడకుండా కాచేది అదే. వృత్తి తెలిసినవారే అంత జాగ్రత్త పడినప్పుడు, చంకలో సీసాతో ప్రయాణించే మనం ఎంత పడాలి!

కాబట్టి గృహిణులు, వారికి సాయపడే గృహస్థులు గమనించవలసినవి ఇవి.

మొదటిది, బయలుదేరే ముందు సీసా ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి. దారిలో మంచుగడ్డలు వేసిన పెట్టె ఉత్తమం. అది లేకుంటే తడి గోనె చుట్టవచ్చు. కాని ఈ ఉపాయం షోలాపూరు వంటి పొడి ఎండలో పనిచేసినట్లు చెన్నై, యానాం ఉక్కలో పనిచేయదు. అక్కడ తడి త్వరగా ఆరదు, చలువ పుట్టదు.

రెండవది పాత్ర. సోడా, కూల్‌డ్రింకు అమ్మిన ప్లాస్టిక్ సీసాలు ఈ ఒత్తిడికని చేసినవే. పైగా వేలితో నొక్కితే లోపలి సంగతి తెలుస్తుంది: రాయిలా ఉంటే ఇక చల్లబరచవలసినదే. వాటి గోడలగుండా గాలి నెమ్మదిగా పోతుంది గాని, ఒకటి రెండు రోజుల ప్రయాణానికి లెక్కలోనిది కాదు. పచ్చడి సీసాలు, పాత సాసు సీసాలు ఎన్నడూ వద్దు. ఫ్లాస్కు కూడా వద్దు. దాని మూత ఒత్తిడికి ఎగిరి ముఖాన తగలవచ్చు. రాగి, ఇత్తడి చెంబులు అసలే పనికిరావు. ఈ పులుపు రాగిని కరిగించి పానీయాన్ని విషం చేస్తుంది.

మూడవది, మెడదాకా, రెండు వేళ్ళ జాగా మాత్రం విడిచి నింపాలి. ఖాళీ ఎంత ఎక్కువైతే గాలి అంత పైకి చేరుతుంది. ఒక పెద్ద సీసాకంటె నాలుగు చిన్నవి మేలు. తెరిచింది అప్పుడే తాగేయవచ్చు.

నాలుగవది, ఊరు చేరగానే మూత తీయకండి. కుదుపుకు లేచిన బుడగలు అణగేదాకా చల్లని చోట కాసేపు నిలబెట్టండి. తరువాత ముఖానికి దూరంగా, పిల్లలను పక్కకు పంపి, మూతను కొంచెం కొంచెంగా వదలండి.

తెరిచిన సీసా మెడలో చెంచా వేలాడదీస్తే పొంగు నిలుస్తుందని కొందరంటారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. సగం తాగిన ప్లాస్టిక్ సీసాను నొక్కి మూత పెట్టడమూ అంతే. సీసా మళ్ళీ ఉబ్బడానికి కావలసిన గాలి మీ సోడాలోంచే వస్తుంది.

దూరం ఎక్కువై, మంచు దొరకక, నడివేసవి ప్రయాణమైతే మేమిచ్చే సలహా వేరు. ఈస్టు జోలికి పోక, అల్లం నిమ్మరసాల పాకం చిక్కగా కాచి సీసాకెత్తి పట్టుకుపొండి. సోడా అక్కడి అంగట్లో కొని, పాకం మీద మెల్లగా పోయండి. మేనత్తగారు ఎదురుచూసేది మీ చేతి అల్లం ఘాటుకోసం. గాలి ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.