పిల్లులున్న ఇంటికి పెద్ద కుక్క వస్తే

ఈ నెల అందిన ఉత్తరాలలో ఏలూరు నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరానికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము. ఆమె కుమారుడు ఉద్యోగరీత్యా విదేశానికి వెళ్తూ, తాను పెంచుకున్న మూడేళ్ల జర్మన్ షెపర్డ్‌ను తల్లిదండ్రుల దగ్గర ఉంచి వెళ్తున్నాడు. ఆ ఇంట్లో ఇప్పటికే రెండు పిల్లులున్నాయి. అందులో ముసలిది అత్తగారి మంచం మీద తప్ప పడుకోదు. "పిల్లుల్ని గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేద్దామని మా వారు అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుండి అత్తయ్యగారు సరిగా అన్నం తినడం లేదు. మమ్మల్ని ఏం చేయమంటారు?" అని ఆమె అడుగుతున్నారు.

ముందుగా ఆ గోనెసంచి మాట. మన ఊళ్లలో ఇది మామూలుగా చేసే పనే. చేపలున్న చోట పిల్లి బ్రతికిపోతుందిలే అనుకుంటారు. కాని పదేళ్లు ఇంట్లో పాలన్నం తిన్న పిల్లికి మార్కెట్లోని కుక్కల నుండి తప్పించుకోవడం తెలియదు, అక్కడి పిల్లులు దాన్ని దగ్గరకు రానివ్వవు. ఆకలికి మాడేలా జంతువును వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. కనుక అయ్యగారు ఆ ఆలోచన మానుకోవాలని మా మనవి.

ఇక కుక్క సంగతి. మన పెద్దలు అల్సేషియన్ అని పిలిచే ఈ జాతిని జర్మనీలో గొర్రెల మందలను కాయడానికి పెంచారు. మంద నుండి విడిపోయి పరుగెత్తే గొర్రెను వెంటాడి తిరిగి తేవడం దాని పని. అందుచేత ఏదైనా పరుగెడితే వెంటపడాలని దానికి పుట్టుకతోనే ఉంటుంది. పిల్లి భయపడి పరుగెత్తుతుంది, కుక్క వెంటబడుతుంది. ఇందులో కుక్కకు పగ ఏమీ లేదు, చాలాసార్లు అది ఆటే. కాని ముప్పై అయిదు కిలోల కుక్క ఆట నాలుగు కిలోల పిల్లికి ఆట కాదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాము గదా. ఇక్కడ చెలగాటం కుక్కది, ప్రాణసంకటం పిల్లిది.

కాబట్టి కుమారుణ్ణి ఒక మాట సూటిగా అడగండి: ఈ కుక్క ఇంతకు ముందు పిల్లినిగాని కోడినిగాని పట్టి చంపిందా? చంపి ఉంటే ఈ ప్రయత్నమే వద్దు. దానికి పిల్లులు లేని మరో ఇల్లు చూడడమే మంచిది. అటువంటిది లేకపోతే, ఓపిక పట్టగలిగితే, రెండూ ఒక కప్పు క్రింద బ్రతకగలవు. స్నేహం చేస్తాయని మేము మాట ఇవ్వలేము. ఒకదాన్నొకటి పట్టించుకోకుండా తిరిగితే చాలు, అదే విజయం.

కుక్క రాకముందే పిల్లులకు ఒక గది కేటాయించండి. అత్తగారి గది అయితే మరీ మంచిది. నీళ్లు, తిండి, ఇసుక ట్రే అన్నీ అందులోనే ఉండాలి. పిల్లికి ధైర్యం ఎత్తులో ఉంటుంది. సజ్జ మీద కొంత చోటు ఖాళీ చేసి, ముసలి పిల్లి ఎక్కేందుకు వీలుగా మధ్యలో ఒక స్టూలో, పాత పెట్టెలో వేయండి. దోమల మెష్ తలుపును మాత్రం నమ్మకండి. పెద్ద కుక్క ఒక్క దూకుతో దాన్ని చీల్చేస్తుంది. గట్టి చెక్క తలుపు ఉండాలి.

కుక్క వచ్చాక మొదటి వారం అవి ఒకదాన్నొకటి చూడనే కూడదు. వాసన ద్వారానే పరిచయం కావాలి. కుక్క పడుకున్న దుప్పటి ముక్క పిల్లుల గదిలో ఒక మూల వేయండి; పిల్లి బుగ్గలు తుడిచిన గుడ్డ కుక్క పక్క దగ్గర ఉంచండి. మూసిన తలుపుకు అటు ఒకదానికి, ఇటు ఒకదానికి అన్నం పెట్టండి. మొదట గిన్నెలు తలుపుకు దూరంగా ఉంచి, రోజుకు కొంచెం దగ్గరకు జరపండి. ఆ వాసన వస్తే కడుపు నిండుతుందని రెండింటికీ అర్థమవుతుంది.

రెండూ తలుపు దగ్గర నిదానంగా తింటున్నప్పుడే చూపు కలపాలి. ఆ రోజు కుక్కను బాగా నడిపించి, అలసిన తరువాత గొలుసుతో పట్టుకొని కూర్చోబెట్టండి. పిల్లి తనంతట తానే రావాలి. పిల్లిని చేతుల్లో ఎత్తుకొని "ఇదిగో చూడు" అని కుక్క ముందుకు తీసుకుపోయే అలవాటు చాలామందికి ఉంది. అది ఎంతో ప్రమాదం. పిల్లి మీ ముఖం గీరి దూకుతుంది, వెంటనే వేట మొదలవుతుంది. కుక్క చూపు తిప్పి మీ వైపు చూసిన ప్రతిసారీ చిన్న మాంసం ముక్క పెట్టండి. అది పిల్లిని చూసినందుకు కొట్టవద్దు. కొడితే, పిల్లి కనబడినప్పుడల్లా తనకు దెబ్బలు పడతాయని నేర్చుకొని మరింత పగబడుతుంది.

కుక్క మొరుగుతున్నదా లేదా అన్నది కాదు, దాని ఒళ్లు చూడండి. ఒళ్లు బిగదీసి, నోరు మూసి, కన్నార్పకుండా చూస్తున్నదంటే అక్కడితో ఆపి బయటకు తీసుకుపోండి. కుక్క తోక ఊపితే సాధారణంగా ఉత్సాహం, పిల్లి తోక కొట్టుకుంటే చిరాకు. ఈ భాష తేడా వల్లే సగం గొడవలు. కొన్ని ఇళ్లలో ఇదంతా మూడు వారాలలో కుదురుతుంది, కొన్ని ఇళ్లలో ఆరు నెలలు. కుదిరిన తరువాత కూడా ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండింటినీ కలిపి వదలవద్దు.

చాలామందికి తెలియని ఒక విషయం. కుక్కకు పిడుదులు పోవడానికి మెడ మీద పోసే మందులు కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకు అది మేలే గాని పిల్లికి విషం. పిల్లి దాన్ని నాకినా, ఆ తడి అంటినా వణుకు, మూర్ఛ వచ్చి చనిపోవచ్చు. అమిట్రాజ్ అనే మందు కూడా పిల్లులకు పడదు. కనుక మందు కొనేటప్పుడే ఇంట్లో పిల్లులున్నాయని పశువైద్యునికి చెప్పండి. అలాగే రెండింటికీ రేబిస్ టీకాలు వేయించండి. పిల్లికి ఎందుకులే అనుకోవద్దు, ఆ జబ్బు పిల్లికీ వస్తుంది. వాటి తగవు మధ్య మనవళ్లకు గాటు పడితే, సబ్బుతో ధారగా నీళ్లు పోస్తూ పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ముసలి పిల్లి బెంగతో తిండి మానుతుందేమో కనిపెట్టి ఉండండి. రెండు రోజులు ఏమీ ముట్టకపోతే ఆలస్యం చేయవద్దు. ఉపవాసంతో పిల్లి కాలేయం త్వరగా దెబ్బతింటుంది. ఈ కాపలా పని అత్తయ్యగారికే అప్పగించండి. ఆ పిల్లి ఏ పూట ఎంత తిన్నదో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు, పైగా ఆ పని చేతిలో ఉంటే ఆమె కూడా నాలుగు ముద్దలు తింటారని మా నమ్మకం.

కుక్క ఏ తేదీన వస్తుందో ఉత్తరంలో లేదు. ఇంకా వ్యవధి ఉంటే, ఈ రోజే కుమారునికి ఫోను చేసి, అది రోజూ పడుకునే దుప్పటిని ఉతకకుండా ముందుగా పంపించమనండి.