వాడిన పూలకు గోడమీద చోటు లేదా?

వాడిన పూల చిత్రం ఇంట ఉంటే అరిష్టమట! ఏ శాస్త్రమయ్యా అంటే వాస్తు అంటారు. ఏ గ్రంథం, ఏ శ్లోకం అంటే "పెద్దలు చెప్పారండీ" అంటారు. అరవై దాటిన నాకు ఆ పెద్దలెవరో ఇంతవరకు తారసపడలేదు.

ఏలూరులో నా పూర్వ విద్యార్థిని ఒకామె చిత్రాలు వేస్తుంది. ఇత్తడి చెంబులో తలలు వాల్చిన నాలుగు చేమంతులు, బల్లమీద రాలిన రెండు రేకులు. తాడేపల్లిగూడెంలో బంధువుల గృహప్రవేశానికి ఆ పటాన్ని కానుకగా ఇచ్చింది. వారం తిరక్కుండా అది అటకెక్కింది. దాని స్థానంలో ప్లాస్టిక్ గులాబీల గుత్తి వెలసింది. దుమ్ము పట్టినా వాడదు గనుక అది శుభమట!

సంప్రదాయం పేరు చెప్పి ఈ మాట అనకండి. వాడిన పూలతో పూజ కూడదన్నారు, నిజమే. అది అర్చనకు నియమం. ఆ పూజించిన పూలే మరునాడు వాడితే చెత్త అనలేదు, నిర్మాల్యమన్నారు. కన్నుల కద్దుకొని, కాలు తగలని చోట విడిచారు. గోదాదేవి ముడిచి విడిచిన మాలనే స్వామి కోరాడు. రాయలవారి మహాకావ్యానికి 'ఆముక్తమాల్యద' అన్న పేరు ఆ మాలవల్లనే వచ్చింది. తాజాదనమే శుభమైతే ఆ పేరును కూడా అటకెక్కించాలి మరి!

ఇక ఇంటి గోడలకు ఏ చిత్రాలు తగునో చెప్పిన గ్రంథం మనకు లేకపోలేదు. విష్ణుధర్మోత్తర పురాణం మూడవ ఖండంలోని చిత్రసూత్రం శృంగార హాస్య శాంతాలు తగునన్నది. యుద్ధం, శ్మశానం, మరణం, దుఃఖం వద్దన్నది. చెంబులో తల వాల్చిన చేమంతి శ్మశానమా? యుద్ధమా? నా చదువుకు తోచినంతలో అది శాంతం.

ఇటువంటి వాటిని మనం నిశ్చలచిత్రాలంటున్నాం. ఫ్రెంచివారు 'మృతప్రకృతి' అనే అర్థం వచ్చే పేరు పెట్టి మరీ ఇళ్ళలో అలంకరించుకున్నారు. 1888 ఆగస్టులో వాన్ గో ఆర్ల్ పట్టణంలో పొద్దుతిరుగుడు పూలను చిత్రించినది, తన ఇంటికి రానున్న గొగాన్ అనే మిత్రుని కోసమే. ఆ కూజాలో విచ్చినవీ ఉన్నాయి, రేకులు రాలి గింజకట్టినవీ ఉన్నాయి. గొగాన్ వాటిని మెచ్చుకున్నాడు. డిసెంబరుకల్లా ఇద్దరికీ చెడింది కదా అని వాస్తువారు ఎగిరి గంతేయవచ్చు. తగవు మనుషులది, పూలది కాదు.

అంతదూరం దేనికి? కొల్లేటి పల్లెల వారినడగండి. తామర రేకులు రాలితేనే కాయ బయటపడుతుంది. ఆ గింజలు ఒలిచి పిల్లల చేతుల్లో పెట్టిన తల్లి ఎవరూ, పూవు పోయింది, ఇంట్లోకి తేవద్దని అనలేదు.