నీటి కీటకాలు చెప్పే నదుల నిజస్థితి

దేశంలోని 279 నదుల్లో 311 ప్రవాహ భాగాలు కలుషితమయ్యాయని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2022 నివేదికలో పేర్కొంది. జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం, అంటే బీఓడీ, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటడమే ఈ గుర్తింపునకు ఆధారం. మురుగునీటి తీవ్రతను ఈ కొలమానం చక్కగా పట్టిస్తుంది. క్రోమియం, కాడ్మియం, సీసం, రాగి వంటి భార లోహాల ప్రస్తావన మాత్రం ఇందులో లేదు. బీఓడీ తగ్గినంత మాత్రాన నది కోలుకున్నట్లేనా?

సేంద్రియ వ్యర్థాలు కాలక్రమంలో కుళ్లి విచ్ఛిన్నమవుతాయి. లోహాలకు ఆ గుణం లేదు. ప్రవాహంలో వాటి జాడ తగ్గినా అడుగు బురదలోనూ, రాళ్లను పట్టిన నాచులోనూ నిలిచి ఉంటాయి. నీటి కీటకాల లార్వాలు నెలల తరబడి నివసించేదీ, మేత వెతుక్కునేదీ అక్కడే. మొప్పల ద్వారా, ఆహారం ద్వారా లోహాలు వాటి శరీరంలోకి చేరతాయి. కాడ్మియం కాల్షియం గ్రహణానికి అడ్డుపడుతుంది. రాగి అధికమైతే సోడియం సమతుల్యత దెబ్బతింటుంది. మొదట కనుమరుగయ్యే వాటిలో మేఫ్లైలు ముఖ్యమైనవి. కాలుష్యాన్ని తట్టుకోగల కైరోనమిడ్‌ల వంటివి మిగులుతాయి. వాటి లార్వాల నోటి భాగాల్లోనూ వైకల్యాలు కనిపిస్తాయి. బతికిన లార్వాలన్నీ రెక్కలు తొడిగి బయటకు రాలేవు. ఫలితంగా చేపలకే కాక, ఒడ్డున ఉండే సాలీళ్లకు, పక్షులకు, గబ్బిలాలకు కూడా ఆహారం తరిగిపోతుంది.

కాన్పూర్ ఇందుకు తగిన ఉదాహరణ. తోళ్లను పదును చేయడానికి క్రోమియం లవణాలు వాడతారు. ప్రాథమిక శుద్ధి ఏర్పాట్లు లేని జాజ్‌మవూ తోళ్ల పరిశ్రమలను మూసివేయాలని సుప్రీంకోర్టు 1987 సెప్టెంబరులో ఆదేశించింది. నదుల్లోకి వదిలే వ్యర్థజలాల్లో మొత్తం క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాములు మించరాదన్నది నిబంధన. అయితే ఈ పరిమితి విడుదలయ్యే నీటికే వర్తిస్తుంది. దశాబ్దాలుగా గంగ అడుగున పేరుకున్న దానిని అది లెక్కించదు.

ఈ లోపాన్ని పూరించే సాధనం మన చేతిలోనే ఉంది. నది అడుగున జీవించే అకశేరుకాల ఆధారంగా నీటి నాణ్యతను ఐదు తరగతులుగా విభజించే జీవ ప్రమాణాలను కాలుష్య నియంత్రణ మండలే రూపొందించింది. నీటి నమూనా సేకరించిన క్షణాన్ని మాత్రమే తెలుపుతుంది. కీటకాలు గడచిన నెలల స్థితిగతులను తెలుపుతాయి. అయితే ఆక్సిజన్ కొరత వల్ల కూడా కీటకాలు నశిస్తాయి. కనుక కీటకాల గణనతో పాటు బురదలోని లోహాల పరీక్ష కూడా తప్పనిసరి. ఈ రెండింటినీ కలుషిత నదుల గుర్తింపులో భాగం చేసినప్పుడే, శుద్ధికి వెచ్చిస్తున్న ప్రజాధనం నదికి నిజంగా ప్రాణం పోసిందో లేదో తేలుతుంది.