గోలకొండ రాజు కొలువులో మ్రోగు వాద్యము లెవరివి?

గత సంవత్సరము పాఠశాలల పోటీకి మన బాలికలు ఒక చిన్న బాలే నృత్యమును సిద్ధపరచిరి. బాలే యనగా మాటలు లేక, నృత్యాభినయములచేతనే కథ నడపు పాశ్చాత్య నాట్యము. వారెన్నుకొన్నది "లా బాయదేర్" అను నాటకములోని ఛాయల ప్రవేశము. రష్యా దేశపు వాద్యబృందమొకటి వాయించిన రికార్డు పెట్టుకొని రెండు మాసములు సాయంకాలములందు సాధన చేసిరి. పోటీనాడు పరీక్షకులలో నొకరు, "నృత్యము బాగుగానే యున్నది గాని సంగీతము అసలైనది కాదు, నేనెరిగిన రికార్డులో నిట్లు లేదు" అని మార్కులు తగ్గించిరి. తిరిగి వచ్చుచుండగా బస్సులో ఒక బాలిక, "అయ్యగారూ, అట్లయిన అసలైన దేది?" అని యడిగెను. ఆనాడు నేను సరియైన ఉత్తరము చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆ బాలికకు నేను బాకీపడిన ఉత్తరము.

ముందుగా ఒక వింత చెప్పవలెను. "బాయదేర్" అనగా దేవాలయ నర్తకి. ఈ నాటకము 1877వ సంవత్సరమున సెంట్ పీటర్స్‌బర్గు నగరమున మొదట ప్రదర్శింపబడెను. నృత్యరచన మారియస్ పెతిపా. సంగీతము లుద్విగ్ మింకుస్. కథలో నికియా యను దేవదాసి సొలోర్ అను వీరుని ప్రేమించును. రాజుగారు తన కుమార్తెను అతని కిచ్చుటకు నిశ్చయించును. పూలబుట్టలోని పాము కాటుచే నికియా మరణించును. ఆ రాజు పేరు దుగ్మంత. ఆయన యేలు సీమ గోలకొండ! కుతుబ్ షాహీల కోటలో ఇట్టి రాజెవ్వడును ఉండలేదని మన పాఠశాల బాలురు సైతము చెప్పగలరు. ఆ కొలువులో మ్రోగునది మన మద్దెల కాదు, వియన్నాలో పుట్టిన మింకుస్ గారి వాల్ట్జ్ నడకలు. కాబట్టి "అసలు" అను మాటను ఈ నాటకము విషయమున కొంచెము జాగ్రత్తగా వాడవలెను.

ఇక సంగీతము మాట. ఆ కాలపు బాలే సంగీతము అచ్చుపడి అంగళ్లలో దొరకునది కాదు. వాద్యబృందపు వ్రాతప్రతులు నాటకశాల భాండారములోనే యుండెడివి. సాధనకు వాద్యబృందమును పిలువరు. రెండు వయొలిన్లకు కుదించిన ప్రతి చాలును. నృత్యకారులు దేశము విడిచి పోయినపుడు తరచుగా వారివెంట బోయినది ఇట్టి కుదింపే. విప్లవానంతరము నికొలాయి సెర్గేయెవ్ రష్యా దాటించి, 1969 మొదలు హార్వర్డు విశ్వవిద్యాలయమందున్న ప్రతులలో నృత్యలిపి పుటలతో పాటు ఇట్టివి యనేకములు కలవు. కుదింపులో పాట యుండును, తాళముండును. ఏ స్వరమును వేణువు పలుకవలెనో, ఏది కొమ్ము పలుకవలెనో యుండదు. ఆ రంగులను మరల వేయువాడు వేరొకడు కావలెను.

లా బాయదేరునకు అట్టివాడు జాన్ లాంచ్‌బెరీ. 1963లో నురేయెవ్ లండనులోని రాయల్ బాలేకు ఛాయల ఘట్టమును నేర్పినపుడు సంగీతమును వాద్యబృందమునకు కూర్చినవాడు ఈయనయే. 1980లో మకరోవా అమెరికాలో నాటకమును సమగ్రముగా ప్రదర్శించినపుడు, దేవాలయము కూలు చివరి యంకమునకు మింకుస్ సంగీతము చేతికందనందున, లాంచ్‌బెరీ తానే ఆ మార్గమున వ్రాసెను. పరీక్షకులు చెప్పిన రికార్డును తరువాత తెప్పించి వింటిని. దాని యట్టమీద మింకుస్ పేరు పెద్దయక్షరములతో నున్నది. "కూర్పు: లాంచ్‌బెరీ" యనునది భూతద్దముతో వెదకవలసినంత చిన్నది. వినుటకు మిక్కిలి సొంపుగానున్నది. వయొలిన్లు పాట నడుపుచుండగా ఇతరవాద్యములు ఊరకుండక తమ తమ చిన్న పాటలతో దాని నల్లుకొనుచున్నవి. అయితే అది 1877 నాటిది కాదు. మన కాలపు సమర్థుడొకడు చేసినది. ఆ పెద్దమనుష్యుడు దేనిని అసలనుకొనెనో అదియే కూర్పు!

మన బాలికలు వాడిన రష్యా రికార్డు నిష్కళంకమని నే ననను. ఆ దేశమునను 1941లో ఈ నాటకమును మార్చి కూర్చిరి. "హంససరస్సు"కును ఇదే గతి. 1877లో మాస్కోలో వినబడినది వేరు. చైకోవ్‌స్కీ చనిపోయిన పిమ్మట 1895లో ద్రిగో కొన్ని భాగములు తీసివేసి, ఆయన పియానో రచనలు మూడింటిని వాద్యబృందమునకు కూర్చి చేర్చినది వేరు. లోకము మెచ్చినది రెండవదానినే.

మార్చుట పాపమా? కాదనియే నా యభిప్రాయము. మన నందికొండ వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సాగరపు నీటిలో మునుగవలసిన ఇక్ష్వాకుల కాలపు రంగస్థలమును త్రవ్వి తీసి, నదికి కుడిగట్టున అనుపు వద్ద మరల నిర్మించిరి. అక్కడి మెట్లమీద కూర్చుండి చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినని బాలుడు మన పాఠశాలలో నుండడు. అది తరలించి కట్టినదని ఎవరును దాచలేదు. దాచనందున దాని గౌరవము తగ్గలేదు. దాచిన యెడల, అచ్చటనే శతాబ్దములుగా నున్నదని పిల్లలు నమ్మి, మునిగిన లోయను మరచియుందురు.

మన యిండ్ల సంగతియు చూడుడు. ఈ మెట్టసీమలో యక్షగానమనగానే చెవిలో మ్రోగునది హార్మోనియము. అది పడమటినుండి వచ్చిన పెట్టె. చేతితో తిత్తి నూదు రూపమును కలకత్తాలో కల్పించిరి. 1940 మొదలు 1971 వరకు రేడియోవారు దానిని తమ గడప త్రొక్కనీయలేదు. అయినను మన భాగవతులు దానిని విడువలేదు. నేడు అది లేక పాడినచో "ఇది అసలు యక్షగానము కాదు" అను తాతలు కలరు. నారాయణతీర్థుల తరంగములను రికార్డులలో విని, ఆ వరుసలన్నియు ఆయన కట్టినవే యనుకొనువారును కలరు. రికార్డు మాటిమాటికి ఒకే తీరున పలుకును గనుక అది ప్రమాణమని తోచును. గ్రామపు మద్దెలగాడు ఒకనాటివలె మరొకనాడు వాయింపడు గనుక అతడే తప్పువాడగును. నాకు భయము కలిగించునది ఇదియే. పోటీలో తగ్గిన నాలుగు మార్కులు కావు.

కావున పరీక్షకులకు నా మనవి యొకటి: "ఇది అసలు కాదు" అనుటకు ముందు "ఇది యెవరి కూర్పు?" అని యడుగుడు. ఉపాధ్యాయులమైన మేమును తప్పించుకొనలేము. ఆనాడు నాకును ఆ సంగతి తెలియదు. ఈ సంవత్సరము మొదలు మన పాఠశాలలో నృత్యమునకు రికార్డు తెచ్చు ప్రతివారును దానితో నొక చీటి తేవలెనని యేర్పాటు చేసితిమి. అందు సంగీతము వ్రాసినవారు, వ్రాసిన సంవత్సరము, వాద్యములకు కూర్చినవారు, వాయించినవారు అని నాలుగు పంక్తు లుండును. తెలియనిచోట "తెలియదు" అని వ్రాయవలెను. మొదటి చీటి తెచ్చినది ఆ బస్సులో ప్రశ్న వేసిన బాలికయే. నాలుగు పంక్తుల క్రింద ఐదవదానిని తానే చేర్చెను: "గోలకొండలో దుగ్మంతుడను రాజు లేడు."