చేనుకి నీలం చీర కట్టండి

ధర్మవరం నుంచి హిందూపురం వచ్చే రైల్లో పెనుకొండ దగ్గర కిటికీలోంచి చూడండి. శనక్కాయ చేల చుట్టూ పాత చీరలు కనిపిస్తాయి. జింకలు, అడవిపందులు రాకుండా కట్టినవి. ఎక్కువగా ఎరుపు, మెరూన్. మా అవ్వ కూడా అంతే. "ఎర్రగుంటే బెదురుకుంటాయి నాయనా" అంటుంది.

నా అభిప్రాయం: ఆ ఎరుపు మనకోసం కట్టుకున్నది, జింక కోసం కాదు.

మన కంట్లో రంగు పట్టే కోన్ కణాలు మూడు రకాలు. జింకకి రెండే. 1994లో జేకబ్స్ అనే శాస్త్రవేత్త బృందం జింకల కళ్ళని కొలిచి చూసింది. ఒక రకం నీలానికి, ఇంకోటి పచ్చకి (దాదాపు 540 నానోమీటర్లు) స్పందిస్తాయి. ఎరుపు కోసం ఏమీ లేదు. మన ఆర్‌జీబీలో ఆర్ తీసేసినట్టు అనుకోండి (కరెక్ట్ పోలిక కాదు, కానీ మన బ్రాంచికి అర్థమవుతుంది). ఎర్ర చీర దానికి మసక ముదురు గుడ్డ. పులి నారింజ రంగులో ఉండి కూడా పొదలో దాక్కోగలిగేది ఇందుకే. అమెరికాలో వేటగాళ్ళు నారింజ జాకెట్ వేసుకునేదీ ఇందుకే. పక్క వేటగాడికి కనిపిస్తుంది, జింకకి కనిపించదు.

వాళ్ళకి ఇంకో సలహా కూడా ఇస్తారు: నీలం వేసుకోవద్దు, తెల్లగా మెరిపించే డిటర్జెంట్‌తో బట్టలు ఉతకొద్దు. ఆ మెరుపు జింక కంటికి బాగా తెలుస్తుంది. మనం దాన్ని తిరగేస్తే చాలు. నీలం చీర, తెల్ల పంచె, బాగా ఉతికి కట్టాలి. గాలికి ఊగేలా వదులుగా కట్టాలి, ఎందుకంటే కదలికకే అవి ముందు బెదురుతాయి. వారానికోసారి చోటు మార్చాలి, లేకపోతే అలవాటు పడిపోతాయి.

చీరల గోల ఎందుకు, చంపేయొచ్చు కదా అనేవాళ్ళున్నారు. 1972 చట్టం ప్రకారం వేట నేరం. ఉరవకొండ వైపు చేలల్లో పడే కృష్ణజింక మన రాష్ట్ర జంతువు కూడా. అలాగని పంట పోగొట్టుకున్న రైతుకి చట్టం చదివి వినిపించడం నాకు సిగ్గుగా ఉంటుంది. కోపంలో కొందరు కంచెకి కరెంటు తగిలిస్తారు. రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన పక్క చేను మనిషే దానికి తగులుకుంటాడు. దానికంటే చీర రంగు మార్చి చూడటం నయం కాదా? వ్యవసాయ శాఖ వాళ్ళు ఈ ఒక్క ముక్క రైతులకి చెప్పొచ్చు.

మా అవ్వకి చెప్పాను. నీలం చీరలు రెండే ఉన్నాయంట. ఒకటి కట్టుకుని ఉంది, రెండోది పెళ్ళిళ్ళకి దాచిన ధర్మవరం పట్టు.