సముద్రమెరుగని వెండితెర

మన తెలుగు సినిమాకు సముద్రమంటే ఏమిటో తెలియదు. ఈ మాటకు ఫిలింనగర్ పెద్దలు నొచ్చుకుంటే నొచ్చుకోవచ్చు గాక, నిజం చెప్పక తప్పదు. సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరమున్న జాతి మనది. కద్రూవినతలు ఉచ్చైశ్రవాన్ని చూడబోయే ఘట్టంలో నన్నయభట్టు కడలిని వర్ణించి దాదాపు వేయేండ్లయింది. మన తెరమీద మాత్రం నేటికీ సముద్రం యుగళగీతానికి నేపథ్యం, లేదా దొంగసరుకుకు రహదారి. ఆ అలల క్రింద ఒక లోకమున్నదన్న స్పృహే లేదు.

ఫ్రాన్సు దేశపు గజ ఈతగాడు ఆల్బేర్ ఫాల్కో కథ మనవారు ఒక్కసారి చదవాలి. 1927లో మార్సెయ్ నగరంలో జన్మించాడు. వీపున గాలి సీసాలు కట్టుకొని నీటి అడుగున ఊపిరి పీల్చుకొనే ఆక్వాలంగ్ పరికరాన్ని కూస్టో, గాన్యాన్ అనే ఇద్దరు 1943లో రూపొందించారు. ఆ కూస్టో బృందం 1952లో ఒక ప్రాచీన నౌకాశిథిలాన్ని త్రవ్వుతుండగా ఫాల్కో స్వచ్ఛందంగా వచ్చి చేరాడు. పిదప కాలిప్సో నౌకకు నాయకుడయ్యాడు. 1962 సెప్టెంబరులో మరొక సహచరునితో కలిసి పది మీటర్ల లోతున, ఒక ఉక్కు గదిలో, ఏడు రోజులు కాపురమున్నాడు. ద్వైపాయన హ్రదంలో జలస్తంభన చేసిన దుర్యోధనుడు ప్రాణభయంతో దాగినవాడు. ఇతడు తెలుసుకోవాలన్న తపనతో మునిగినవాడు.

ఇతడు నటన నేర్చినవాడు కాడు. అయినా ఇతడు కనిపించిన ‘మౌన ప్రపంచం’ 1956లో కాన్ చిత్రోత్సవ అత్యున్నత పురస్కారాన్నీ, తరువాత ఆస్కార్‌నూ గెలుచుకొన్నది. 1964 నాటి ‘సూర్యుడు లేని లోకం’ కూడ ఆస్కార్ పొందినదే. కారణం సుస్పష్టం. ఆ తెరమీద ఫాల్కో ఫాల్కోగానే ఉన్నాడు. అతనికి డూప్ లేడు, అతడు ఎవరికీ డూప్ కాడు.

మరి మన సంగతి? మా వెంగళరావు నగర్‌కు కూతవేటు దూరాన కృష్ణానగర్ ఉన్నది. అవకాశం కోసం కళ్ళలో వత్తులు వేసుకొని ఎదురుచూసే చిన్న కళాకారుల పేట అది. నాయకుని బదులు నీటిలో దూకేవాడు ముఖం కనబడకుండా దూకాలి. కనబడితే ఆ షాట్ పనికిరాదు. ప్రాణం ఒకరిది, చప్పట్లు మరొకరివి. 2024లో వచ్చిన ‘దేవర’లో కథానాయకుడు సొరచేపపై స్వారీ చేశాడు. ఆ సొరచేప కంప్యూటరులో పుట్టి కంప్యూటరులోనే పెరిగినది! 2017 నాటి ‘ఘాజీ’ మెచ్చదగిన యత్నమే, కాని అది జలాంతర్గామి సెట్టు లోపలి కథ. ‘ఉప్పెన’, ‘తండేల్’ మత్స్యకారుల కథలే, కాని వాటి కేంద్రం ప్రేమ, కడలి కాదు.

‘ఆ ఫ్రెంచివారు మాత్రం తక్కువవారా?’ అని కొందరు అడగవచ్చు. నిజమే. ‘మౌన ప్రపంచం’లో వారు చేపల లెక్క కోసం డైనమైట్ పేల్చారు, గాయపడిన తిమింగలం పిల్ల చుట్టూ మూగిన సొరచేపలను కసితో చంపారు. నేడు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కాని ఆ పాపం వారి కెమెరా దాచలేదు. దాచలేదు కనుకనే తరువాతి తరం వారిని నిలదీయగలిగింది. ఫాల్కో సైతం 2012లో కన్నుమూసేనాటికి సముద్ర రక్షణ కోరేవారి పక్షాన నిలిచినవాడు. అబద్ధపు సొరచేపను చూసి ఎవరు ఏమి నేర్చుకోగలరు?

‘అంత పెట్టుబడి ఎక్కడిది?’ అన్నది రెండవ వాదం. వందల కోట్లు ధారపోసేవారి నోట ఈ మాట శోభించదు. మైక్ పాండే గుజరాత్ తీరంలో తిమింగల సొరల వేటను చిత్రించి 2000లో ఒక చిన్న డాక్యుమెంటరీ తీశాడు. మరుసటి ఏడే ఆ చేపకు వన్యప్రాణి చట్టం రక్షణ లభించింది. ఆయనకు స్టార్ లేడు, సెట్టు లేదు. ఉన్నది చూసే కన్ను.

మన తీరంలో ఏటా గ్రుడ్లు పెట్టవచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మరబోట్ల వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొని వస్తున్నవి. వలలో చిక్కిన తాబేలు తప్పించుకొనే అమరికను బిగించడం అసాధ్యమేమీ కాదు. ఈ విషయం మీద మన పరిశ్రమ ఒక్క అరగంట రీలు ఖర్చు చేయలేదా? భీమిలిలోనో ఉప్పాడలోనో పుట్టిన గంగపుత్రుని ముఖం, అతని సొంత పేరుతో, తెరమీద చూపలేదా?

సముద్రాన్ని చూపదలచినవారు ముందు అందులో తడవాలి. తొట్టిలో తెడ్డు వేసి కడలి దాటామంటే నమ్మడానికి ప్రేక్షకులు పసిపిల్లలు కారు. విజ్ఞులు ఆలోచింతురు గాక.