చవక సీసా వెనుక ఎవరి ఊపిరి?



అమెరికాలోను, ఇంగ్లండులోను, యూరపులోని మరికొన్ని దేశాలలోను ఒక వ్యాపకం చాలాకాలంగా వేళ్లూనుకొని ఉన్నది. సెలవు దినాలలో వందలాది మంది, ఒక్కొక్కప్పుడు వేలాది మంది, పాతకాలపు సైనికుల దుస్తులు ధరించి, మైదానాలలో గుడారాలు వేసి, గడచిపోయిన యుద్ధాలను మరల నడిపి చూపుతారు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్ పచ్చిక బయలులో జరిగిన కాల్పులను ఏటా ఏప్రిల్ మాసంలో ఆ ఊరిలోనే అభినయిస్తారు. 1861–65 నాటి అంతర్యుద్ధ పోరాటాలను కూడ అదే రీతిగా ప్రదర్శిస్తారు. దీనిని చారిత్రక పునరభినయం అనవచ్చును. మన వీధి భాగోతానికి ఉన్న రాగతాళాలు దీనికి లేవు. కాని కోటు గుండీ మొదలుకొని బూటు మేకు వరకు ఆ కాలపుదిగానే ఉండవలెనన్న పట్టుదల మాత్రం మెండుగా ఉన్నది.

ఆ పట్టుదలను ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. ఆ గుడారాలలో కూర్చునేవారందరూ లక్షాధికారులు కారు. బడిపంతుళ్లు, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు, మనవలె నెలజీతం మీద బ్రతికేవారు వారిలో ఎందరో ఉన్నారు. జీతంలో మిగిల్చి కోటు కుట్టించుకొంటారు, బూట్లు కొనుక్కొంటారు. తీరా గుడారంలో బల్లమీద పెట్టవలసిన సీసా దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు. ఈనాటి యంత్రపు సీసా అందుకు పనికిరాదు. దాని ప్రక్కన అచ్చు అతుకు గీత మూతి అంచు వరకు ప్రాకి ఉంటుంది. చేతితో ఊదిన సీసాకు అడుగున గరుకైన మచ్చ ఉంటుంది. మూతిని తీర్చిదిద్దే వేళ పట్టు కోసం అడుగున ఒక ఇనుప కడ్డీని అతికించి, పని ముగియగానే విరుస్తారు. ఆ విరిగిన చోటే ఆ మచ్చ. పాతకాలపు సీసా నమూనాలో వారు మొదట వెదకేది దానినే. తమ దేశంలోనే కొలిమి పెట్టుకొని పనిచేసే కళాకారుని వద్ద కొనబోతే ఒక్క సీసాకు పదుల డాలర్లు ఇచ్చుకోవలసి వస్తుంది. కనుక “చేతితో ఊదినదే కావలెను, చవకగానూ కావలెను” అన్న అన్వేషణ మొదలవుతుంది.

ఈ అన్వేషణకు వ్యాపారి వద్ద జవాబు సిద్ధంగా ఉన్నది. గాజు ఊదే మనుషులు తక్కువ కూలికి దొరికే దేశానికి పోయి ఆర్డరు ఇచ్చుటయే ఆ జవాబు. అట్టి దేశాలలో మనది ఒకటి. ఈ విషయం మన పత్రికలోకి రావడానికి కారణం ఇదే.

టుండ్లా జంక్షను మీదుగా బండి నడిపిన ప్రతి రైల్వే సోదరునికి ఫిరోజాబాదు పరిచితమే. 1989 వరకు ఆగ్రా జిల్లాలో భాగంగా ఉండి, ఆ సంవత్సరం తానే ఒక జిల్లా కేంద్రమైనది. తెలుగునాట పెండ్లిళ్లలో తొడిగే మట్టిగాజులలో చాలా భాగం అక్కడి కొలిముల నుండి వచ్చినవే. గాజులతోపాటు దీపపు చిమ్నీలు, గ్లాసులు, కూజాలు, సీసాలు కూడ అక్కడ నోటితో ఊది తయారు చేసేవారున్నారు.

ఒక సీసా ఎట్లు తయారవుతుందో ఒకసారి చూడండి. ఇసుక, సోడా బూడిద, సున్నపురాయి, పగిలిన గాజు ముక్కలు కలిపి 1400 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిస్తారు. ఒకడు పొడవైన ఇనుప గొట్టం చివర తేనెవలె సాగే ముద్దను చుట్టి తెస్తాడు. వేరొకడు దానిని ఇనుప పలక మీద దొర్లించి, ఊది, త్రిప్పి, మరల వేడి చేసి, మరల ఊదుతాడు. మూడవవాడు అడుగున కడ్డీ అతికించి పట్టుకొంటే మూతికి గాజు దారం చుట్టి అంచు దిద్దుతారు. ఆ తరువాత సుమారు 500 డిగ్రీల వేడి నుండి గంటల తరబడి మెల్లమెల్లగా చల్లార్చకపోతే సీసా తనంత తానే పగిలిపోతుంది. గొట్టం త్రిప్పుట ఒక్క క్షణం ఆగినా ముద్ద ఒక ప్రక్కకు జారుతుంది. ఈ పనిని త్వరపెట్టడానికి వీలులేదు.

ఇప్పుడు లెక్క వేయండి. ఇసుక ధర, సోడా ధర, ఇంధనం ధర వ్యాపారి బేరానికి లొంగవు. కొలిమి ఆర్పితే మరల రాజేయడానికి రోజులు పడుతుంది, కనుక రాత్రింబవళ్లు మండుతూనే ఉండవలెను. ఓడ అద్దె తగ్గదు. విదేశీ కొనుగోలుదారు ధర తగ్గించమంటాడు. ఎగుమతిదారు తన లాభం తగ్గించుకోడు. తగ్గడానికి ఇక మిగిలినది ఒక్కటే. అది ఊదేవాని కూలి. “అందుబాటు ధర” అనే సౌమ్యమైన మాటకు కొలిమి దగ్గర గల అర్థం ఇదే!

చరిత్ర మీద అంత ప్రేమ ఉన్నవారు గాజు చరిత్రలోని కార్మికుని కూడ చూడవలెనని మేము కోరుతున్నాము. వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో 1608లో ఆంగ్లేయ కంపెనీ గాజు కొలిమి పెట్టించినది. అందుకై పోలండు, జర్మనీ దేశాల పనివారిని ఓడలో తెచ్చినది. 1619లో ఆ వలసలో తొలి శాసనసభకు ఎన్నికలు వచ్చినపుడు పోలిష్ పనివారికి ఓటు లేదన్నారు. వివాదం రేగినది. చివరకు వారికి ఇతర నివాసులతో సమానంగా ఓటు హక్కు ఇచ్చినట్లు కంపెనీ రికార్డులలోనే నమోదై ఉన్నది. అమెరికా గడ్డ మీద తొలి సమ్మె ఇదేనని కార్మికోద్యమ చరిత్ర చెప్పుకొంటుంది. ఈనాడు అదే జేమ్స్‌టౌన్‌లో యాత్రికుల ముందు గాజు ఊది చూపి, ఆ వస్తువులను విక్రయిస్తారు. సీసా కొని ఇంటికి పోయేవారిలో 1619 సంగతి ఎరిగినవారు ఎందరు?

మరొక సంగతి. వీరు ముచ్చటపడే ముదురు ఆకుపచ్చ సీసా, దాదాపు నల్లగా కనిపించే ఉల్లిగడ్డ ఆకారపు సీసా, ఎట్లు పుట్టినది? ఓడలకు కలప చాలదని 1615లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ గాజు కొలుములలో కట్టెలు కాల్చరాదని ఉత్తరువు ఇచ్చాడు. కొలుములు బొగ్గుకు మారాయి. బొగ్గు వేడిలో గట్టి, ముదురు గాజు తయారైనది. ప్రభుత్వం ఇంధనం మార్చమంటే పరిశ్రమ రూపమే మారిపోయినది. ఫిరోజాబాదులోను అదే జరిగినది. తాజమహలును పొగ నుండి కాపాడటానికి 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ ప్రాంతపు పరిశ్రమలు బొగ్గు వదలి సహజవాయువుకు మారవలసి వచ్చినది. తాజమహలు నిలవవలెను, ఆ పొగను పీల్చినది కార్మికులే గనుక పొగ పోవడం వారికీ మేలే. ఇందులో మాకు వివాదం లేదు. కాని వాయువు ధర పెరిగినప్పుడెల్లా ఆ భారం క్రిందికి దొర్లి ఎక్కడ ఆగుతున్నది? పని దినాలు తగ్గడంలోను, ముక్క లెక్కన ఇచ్చే కూలి కుదింపులోను ఆగుతున్నది. కట్టడాన్ని కాపాడిన ఖర్చును కట్టడం చూడటానికి కూడ తీరిక లేనివాడు చెల్లిస్తున్నాడు.

“మేము కొనకపోతే వారికి ఆ పని కూడ ఉండదు గదా” అని వాదించేవారున్నారు. ఈ వాదన మనకు క్రొత్త కాదు. రైల్వేలో క్యాజువల్ కార్మికుని గురించి, తపాలాలో గ్రామీణ డాక్ సేవకుని గురించి పాలకులు పలికే మాట ఇదే. పని ఇస్తున్నాము గనుక జీతం అడుగరాదు! కొనవద్దని మేము ఎన్నడూ చెప్పము. కొనండి, ఊదేవాని కూలి నిలిచే ధరకు కొనండి అని చెబుతున్నాము.

యంత్రం వచ్చినపుడు ఏమి జరిగినదో కూడ చెప్పవలసి ఉన్నది. మైకేల్ ఓవెన్స్ 1859లో పుట్టాడు. గని కార్మికుని కొడుకు. పదేండ్ల వయస్సులో వీలింగ్ పట్టణంలోని గాజు కర్మాగారంలో పనికి చేరాడు, గాజు ఊదేవాడయ్యాడు, కార్మిక సంఘంలోనూ పనిచేశాడు. సీసాలు తనంత తానే తయారుచేసే ఆయన యంత్రానికి 1904లో పేటెంటు లభించినది. చేతిపనివారు వేలసంఖ్యలో పని కోల్పోయారు. అదే యంత్రం వలన సీసాలు మోసే పసిబాలురు కొలిమి దగ్గర నుండి తొలగిపోయారు. 1908లో లూయీ హైన్ తీసిన ఛాయాచిత్రాలలో అర్ధరాత్రి కర్మాగారంలో నిలబడి ఉన్న ఆ బాలురను నేటికీ చూడవచ్చును. చేతిపనిని తలచి నిట్టూర్చేవారు ఆ చిత్రాలను కూడ ఒకసారి చూడటం మంచిది. చేతిపని అన్నంత మాత్రాన అది పవిత్రం కాజాలదు.

ఫిరోజాబాదు కొలుములలో బాలకార్మికుల స్థితిని 1980లలో పరిశోధకులు వెలుగులోకి తెచ్చారు. 1986లో చట్టం వచ్చినది. 2016 సవరణతో పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకొనుట దాదాపు అన్నిచోట్ల నిషేధమైనది. కాని ఆ సవరణ, బడి వేళలు దాటిన తరువాత కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునని ఒక కిటికీ తెరచి ఉంచినది. గాజుల అతుకు పని ఇండ్లలోనే జరిగే ఊరిలో ఆ కిటికీ ఎంత వెడల్పో చెప్పనక్కరలేదు. ఇది చాలదన్నట్లు, 1948 ఫ్యాక్టరీల చట్టంలో విద్యుత్తు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్న నిర్వచనాన్ని 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఇరవైకి పెంచినది. పదునైదుగురు కూర్చొని సీసాలు ఊదే షెడ్డు ఈ ఒక్క అంకె మార్పుతో ఫ్యాక్టరీ కాకుండా పోయినది! సంస్కరణ అంటే ఇదే కాబోలు.

ఇక పునరభినయ మిత్రుల సమస్యకు వస్తాము. చరిత్రను నిజాయితీగా అనుసరిస్తే వారి ఖర్చు సగం తగ్గుతుందని మా అభిప్రాయం. పదునెనిమిదవ శతాబ్దపు సామాన్య సిపాయి నీటికి గాజు సీసా మోయలేదు. ఆంగ్ల సైనికుడు తగరపు డబ్బా, అమెరికా సైనికుడు చెక్క బుడ్డి తగిలించుకొని నడిచాడు. సీసా అధికారి బల్లమీద, సారాయి అంగడిలో కనిపించేది. ఖాళీ అయిన సీసాను పారవేయక మరల మరల నింపుకొనేవారు. కాబట్టి సిపాయి గుడారానికి డజను సీసాలు అక్కరలేదు. పదిమంది కలిసి రెండు మంచి సీసాలు కొని, వాటిని గట్టి ధరకు కొంటే చరిత్రకూ న్యాయం, కార్మికునికీ న్యాయం. చవకగా పన్నెండు కొని బల్లమీద వరుస పేర్చడం ఆ రెంటికీ అన్యాయమే.

ఆ కాలపు ధనవంతుల సీసాల మీద గాజు బిళ్ల ముద్ర ఉండేది. యజమాని పేరో, పొడి అక్షరాలో, సంవత్సరమో అందులో ఉండేవి. ఈనాడు ఆ ముద్రలతో సహా నమూనాలు చేయిస్తున్నారు. త్రాగినవాని పేరు మూడు వందల ఏండ్లు నిలిచినది. ఊదినవాని గుర్తుగా అడుగున విరిగిన మచ్చ ఒక్కటే మిగిలినది. ఎగుమతి అయ్యే ప్రతి సీసా మీద తయారుచేసిన కర్మశాల ముద్ర, ఊరి పేరు ఉండవలెనని కొనేవారు పట్టుబట్టవచ్చును గదా! యజమాని ముద్రకు అదనంగా డబ్బు ఇచ్చేవారికి ఇది భారం కాదు.

మన తెలుగు గడ్డ మీద శ్రీకాళహస్తి సమీపంలోని పాపానాయుడుపేటలో గాజు గొట్టాన్ని దారంలా లాగి పూసలు కోసే ప్రాచీన విద్య ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకాల వరకు నిలిచి ఉన్నది. ఒకప్పుడు ఆగ్నేయాసియా అంతటా పోయిన పూసలు ఆ విధానంలో చేసినవే. సముద్రాలు దాటిన ఆ పూసల మీద కూడ చేసినవాని పేరు లేదు.

రేపు మన మనుమలు 1974 మే నాటి రైల్వే సమ్మెను పునరభినయం చేస్తారనుకొందాము. ఎర్రజెండాలు, చేతి సిగ్నలు దీపాలు కావలెను. ఆ దీపపు గాజును, కనీస వేతనం అడిగినవానిని గేటు బయటకు నెట్టిన షెడ్డులో చవకగా కొని తెస్తే, ఆ అభినయం ఎవరిని గౌరవించినట్లు?

తపాలా సోదరులకు ఇక్కడ చేతిలోనే ఒక సాధనం ఉన్నది. 2022 నుండి తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలను నెలకొల్పినది. చిన్న ఉత్పత్తిదారుడు తపాలా కార్యాలయం నుండే కాగితాలు పూర్తిచేసి, విదేశానికి నేరుగా పార్సెలు పంపుకొనవచ్చును. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన ఒక జిల్లా – ఒక ఉత్పత్తి పథకంలో ఫిరోజాబాదుకు గాజు సామగ్రినే కేటాయించారు. ఈ రెంటిని కలిపి, గాజు ఊదేవారి సహకార సంఘాలు విదేశీ కొనుగోలుదారుకు నేరుగా సీసాలు పంపే మార్గం వేయవచ్చును. మధ్యవర్తి వాటా నుండి కొంత కూలికి, కొంత కొనేవాని ధర తగ్గింపుకు చేరుతుంది. చవక సీసా కావలెనన్న కోరికకు కార్మికుని కడుపు కొట్టకుండా దొరికే దారి ఇది. కౌంటరు దగ్గర చదువురాని పనివానికి ఫారాలు నింపిపెట్టడం, పగిలే సరకును జాగ్రత్తగా కట్టించి దింపించడం మన సభ్యుల చేతిలోని పని. ఆ కౌంటర్లలో సిబ్బంది ఖాళీలు నింపకుండా పథకాల బోర్డులు మాత్రం తగిలిస్తే పని జరగదని పై అధికారులకు చెప్పవలసినదీ మనమే.

రైల్వే సోదరులు తమ పరిధిలోని వారసత్వ ప్రదర్శనలకు, మ్యూజియాలకు కొనే దీపపు గాజులు, సీసాల టెండర్లలో అతి తక్కువ ధర ఒక్కటే కొలమానం కారాదని, సరఫరాదారు కనీస వేతనం చెల్లించిన రుజువు జతపరచవలెనని కోరవలెను. ఈ రెండు కోర్కెలను శాఖల సర్వసభ్య సమావేశాలలో చర్చకు పెట్టి, తీర్మానాల ప్రతులను కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా మేము కోరుతున్నాము.